డిస్క్ చివర్లో పక్కకు ఎందుకు వాలుతుంది?

కోలార్ బంగారు గనుల దగ్గర ఒకప్పుడు బ్రిటిష్ అధికారులు కర్రతో బంతిని కొట్టి గోల్ఫ్ ఆడేవారు. డిస్క్ గోల్ఫ్‌లో కర్రా బంతీ ఉండవు. పళ్లెంలాంటి డిస్క్‌ను విసిరి, గొలుసులు వేలాడే బుట్టలో పడెయ్యాలి.

కుడిచేతివాళ్లు ఎడమ భుజం పక్కనుంచి విసిరితే డిస్క్ గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతూ వెళ్లి, చివర్లో ఎడమకు వాలుతుంది. ఎందుకు? వేగం తగ్గేకొద్దీ గాలి దాని ముందంచును పైకి నెడుతుంది. కానీ గిర్రున తిరిగే వస్తువు తీరే వేరు! నెట్టినచోట లేవదు, పావు చుట్టు అవతల లేస్తుంది. అంటే కుడి అంచు లేచి, డిస్క్ ఎడమకు ఒరుగుతుంది. బొంగరం ఒరిగినా వెంటనే పడిపోకుండా తల తిప్పుతుందే, అదీ ఇలాంటిదే.

అందుకే రద్దీ పార్కులో బుట్ట దగ్గర ఖాళీ ఉంటే చాలదు. ఎడమవైపు నడిచేవాళ్లు దాటాకే విసరండి.