ఒక్క నెగిటివ్, ఎనిమిది ఫోటోలు

బ్యాంకు పుస్తకానికి ఫోటో కావాలి. పింఛను కాగితానికి ఫోటో కావాలి. ఓటర్లకు ఫోటో ఉన్న కార్డు ఇవ్వాలని ఎన్నికల సంఘం 1993లో ఆదేశించింది. ఏ ఆఫీసుకు పోయినా "రెండు ఫోటోలు ఇవ్వమ్మా" అంటారు. అందుకే స్టూడియోవాళ్లు ఒకేసారి ఎనిమిది ఫోటోలు చేతిలో పెడతారు.

మరి మనల్ని ఎనిమిదిసార్లు కూర్చోబెట్టారా? లేదు. ఒక్కసారే తీశారు. ఒక దాని నుంచి ఎనిమిది ఎలా వచ్చాయి?

కంప్యూటర్లు రాకముందు ఈ పని చీకటి గదిలో జరిగేది. నలుపు తెలుపు ఫోటోలంటే ఇష్టం ఉన్నవాళ్లు ఇప్పటికీ ఇంట్లోనే చేసుకుంటారు. కిటికీకి దుప్పటి కట్టి, గదిలో ఎర్ర బల్బు పెట్టుకుంటారు. ఫోటో కాగితం మీద వెండి కలిసిన పూత ఉంటుంది. మామూలు వెలుతురు తగిలితే ఆ కాగితం పాడవుతుంది. ఎర్ర వెలుతురుకు పాడవదు.

కెమెరాలోని ఫిల్మును కడిగితే నెగిటివ్ వస్తుంది. అందులో అంతా తలకిందులు. మీ నల్లటి జుట్టు అద్దంలా తేటగా ఉంటుంది. ముఖం నల్లగా కనిపిస్తుంది. చూసి భయపడకండి! నెగిటివ్ గుండా కాగితం మీదికి వెలుతురు వేస్తారు. వెలుతురు పడినచోట కాగితం నల్లబడుతుంది. ముఖం దగ్గర వెలుతురు ఆగిపోతుంది. అక్కడ తెల్లగా మిగులుతుంది. అలా మన రూపం మనకు తిరిగి వస్తుంది.

ఈ వెలుతురు వేసే దీపాన్ని ఎన్‌లార్జర్ అంటారు. పైన బల్బు, దాని కింద నెగిటివ్, దాని కింద అద్దం ఉంటాయి. బొమ్మ కింద బల్ల మీద పడుతుంది.

ఎంతసేపు వెలుతురు వేయాలి? ఇదే అసలు చిక్కు. తక్కువైతే ముఖం పాలిపోతుంది. ఎక్కువైతే మసిబారుతుంది. మొదటి దోసె వేసి పెనం కాక చూస్తాం కదా, ఇదీ అంతే. వేలెడు వెడల్పు కాగితం ముక్క తీసుకోవాలి. దాన్ని అట్టతో కప్పి, రెండు సెకన్లకొకసారి అట్టను కొంచెం జరపాలి. కడిగి చూస్తే 2, 4, 6, 8 సెకన్ల చారలు కనిపిస్తాయి. ఏది బాగుందో చూసి ఆ అంకె రాసుకోవాలి. తడి కాగితం ఆరితే కొంచెం నలుపెక్కుతుంది. అది గుర్తుంచుకుని ఎంచుకోవాలి.

ఆ అంకె దొరికితే సగం పని అయినట్టే. మిగతా అన్ని ఫోటోలకూ అదే అంకె.

ఒక్కో చిన్న కాగితం విడిగా వేస్తే, ఎనిమిదిసార్లు కడగాలి. తెలివైనవాళ్లు అలా చేయరు. 4 అంగుళాలు, 6 అంగుళాల కాగితం ఒకటి తీసుకుంటారు. పాస్‌పోర్టు ఫోటో వెడల్పు మూడున్నర సెంటీమీటర్లు, ఎత్తు నాలుగున్నర. లెక్క వేయండి. నాలుగు వెడల్పులు కలిపితే 14 సెంటీమీటర్లు. రెండు ఎత్తులు కలిపితే 9. ఆ కాగితం పొడవు 15, వెడల్పు 10. ఎనిమిది ఫోటోలూ పడతాయి, కత్తిరించడానికి కాస్త అంచు కూడా మిగులుతుంది.

ఒక పెద్ద నల్ల అట్టలో ఒక ఫోటో అంత కిటికీ కోస్తారు. అట్టను ఒక పక్కన బల్లకు అతికిస్తారు. అది తలుపులా లేస్తుంది. కాగితం మూల ఎక్కడ ఆనాలో బల్ల మీద 1 నుంచి 8 దాకా గుర్తులు పెడతారు. 1 దగ్గర కాగితం పెట్టి, అట్ట దించి, దీపం వేస్తారు. ఆర్పుతారు. అట్ట ఎత్తి కాగితాన్ని 2కు జరుపుతారు. దీపం వెలుగుతుండగా అట్ట ఎత్తితే కాగితమంతా పాడవుతుంది.

తర్వాత మూడు తొట్లు. మొదటి దాంట్లో డెవలపర్. బొమ్మ మెల్లగా తేలేది ఇక్కడే. ఎన్నిసార్లు చూసినా విసుగు పుట్టదు. రెండోది డెవలపర్ పనిని ఆపే పులుపు నీళ్లు. మూడోది హైపో. ఇది వెలుతురు తగలని పూతను కరిగించేస్తుంది. ఎంతసేపు ఉంచాలో డబ్బా మీద రాసి ఉంటుంది. ఎవరినీ అడగక్కర్లేదు, మీరే చదవవచ్చు. చివర మంచినీళ్లలో బాగా కడగాలి. ఇంట్లో గోడ మీద పాత ఫోటో పసుపెక్కిందా? హైపో సరిగా కడగకపోతే అలాగే అవుతుంది.

నలుగురు ఆడవాళ్లకు కావాలంటే, ముందు నాలుగు కాగితాల మీదా వెలుతురు వేసేయాలి. నల్ల కవరులో దాచి, తర్వాత నాలుగూ కలిపి కడగాలి. ఒకదానికొకటి అంటుకోకుండా అడుగుది పైకి తీస్తూ ఉండాలి. ఒక్క విడతలో 32 ఫోటోలు!

ఈ మందుల తొట్లు మళ్లీ వంటకు పనికిరావు. మందులను మంచినీళ్ల సీసాలో అసలే పోయకూడదు, పిల్లలు తాగేస్తారు. తడి చేత్తో స్విచ్చి ముట్టకూడదు.

ఇప్పుడు షాపుల్లో కంప్యూటర్ మీద చేసే ఫోటోలూ చాలాచోట్ల అదే 4, 6 అంగుళాల కాగితం మీద ఎనిమిది వస్తాయి. నెగిటివ్‌కు బదులు ఫోటో కంప్యూటర్‌లో ఉంటుంది. డబ్బులిచ్చేటప్పుడే దాన్ని మీ ఫోనుకు పంపమని అడగండి. మళ్లీ కావాలంటే కాగితం ఖర్చే, కొత్తగా దిగే పని ఉండదు.