మబ్బు పట్టిన చిత్రాలకూ గిరాకీ

1990ల మొదట్లో ల్యాండ్‌శాట్ ఉపగ్రహం తీసిన చిత్రం ఒక్కటి కావాలంటే నాలుగు వేల డాలర్లకు పైగా పోయాల్సి వచ్చేది. ఒక్కో చిత్రంలో పాత లెక్కన మన మూడు జిల్లాలంత నేల ఇమిడిపోతుంది, నిజమే. కానీ అంత ఖరీదైన సరుకును ఎవరైనా ఎలా కొంటారు? ఏడాది మొత్తంలో మబ్బు తునక లేని రోజు ఏదో చూసుకుని, ఆ ఒక్కటీ కొని, దాంతోనే పరిశోధన ముగించేవారు. కొన్నది పక్క విశ్వవిద్యాలయం వాళ్లతో పంచుకుందామంటే షరతులు ఒప్పుకునేవి కావు.

ల్యాండ్‌శాట్ కార్యక్రమం 1972లో అమెరికా ప్రభుత్వ సొమ్ముతోనే మొదలైంది. 1984లో అక్కడి కాంగ్రెస్ చట్టం చేసి, చిత్రాల అమ్మకాన్ని ప్రైవేటు చేతుల్లో పెట్టింది. ధరలు ఆకాశానికెక్కాయి, కొనేవాళ్లు తగ్గారు. 1992లో ఇంకో చట్టంతో కార్యక్రమాన్ని వెనక్కి తీసుకున్నారు. 1999లో ల్యాండ్‌శాట్-7 ఎగిరేసరికి చిత్రం ధర 600 డాలర్లకు దిగింది. అయినా, బాగా అమ్ముడైన 2001లో కూడా అమ్మకాలు పాతిక వేల చిత్రాల దగ్గరే ఆగాయి. 2008లో అమెరికా జియలాజికల్ సర్వే తన దగ్గరున్న ల్యాండ్‌శాట్ చిత్రాల నిల్వ మొత్తాన్ని ఉచితం చేసింది. తొలి ఏడాదిలోనే పది లక్షలకు పైగా చిత్రాలు జనం దించుకున్నారు.

ఈ అంకెల కన్నా నాకు ఆసక్తి కలిగించేది, అడిగే ప్రశ్న మారిపోవడం. ధర ఉన్నన్నాళ్లూ మబ్బు పట్టిన చిత్రం దండగే. ధర పోయాక పరిశోధకులు చిత్రాన్ని కాదు, అందులోని ఒక్కొక్క గడినీ (పిక్సెల్‌నీ) చూడటం మొదలుపెట్టారు. ఈ గడికి ఈ వారం మబ్బు అడ్డం వచ్చిందా, సరే, పదహారు రోజుల తర్వాతి చిత్రంలో దొరుకుతుంది. ముప్పావు వంతు మబ్బు కమ్మిన చిత్రంలోనైనా మిగిలిన పావు వంతు పనికొస్తుంది. అలా ఏరిన గడులను ఏళ్ల తరబడి వరసగా పేర్చితే ఒక అడవి ఎప్పుడు నరికారో, ఒక చెరువు ఏ ఏడు ఎండిందో బయటపడుతుంది.

2013లో మేరీల్యాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన మాథ్యూ హాన్సెన్ బృందం ప్రపంచ అడవుల పటాన్ని ఇలాగే తయారు చేసింది. 2000 నుంచి 2012 దాకా 23 లక్షల చదరపు కిలోమీటర్ల అడవి పోయిందనీ, 8 లక్షల చదరపు కిలోమీటర్ల మేర కొత్తగా పెరిగిందనీ లెక్క తేల్చింది. అందుకు వాడిన చిత్రాలు 6,54,178. చిత్రానికి 600 డాలర్ల పాత ధరే ఉండి ఉంటే బిల్లు 39 కోట్ల డాలర్లు దాటేది. అంత సొమ్ము అడుగుతూ అర్జీ పెట్టడానికే ఎవరికీ ధైర్యం చాలదు! 2016లో యూరోపియన్ కమిషన్ పరిశోధకులు 30 లక్షల ల్యాండ్‌శాట్ చిత్రాలతో మూడు దశాబ్దాల నీటి పటం గీశారు.

యూరప్ ఈ పాఠం ముందే నేర్చుకుని, తన సెంటినెల్ ఉపగ్రహాల సమాచారాన్ని మొదటినుంచీ ఉచితంగానే ఇస్తోంది. సెంటినెల్-2 చిత్రంలో గడి నిడివి 10 మీటర్లు. అంటే వంద చదరపు మీటర్లు, అంటే తెలంగాణ రైతు లెక్కలో దాదాపు సరిగ్గా ఒక గుంట. ల్యాండ్‌శాట్ గడి 30 మీటర్లది, అదే లెక్కన తొమ్మిది గుంటలు. ఎకరం కమతంలో ల్యాండ్‌శాట్‌కు నాలుగైదు గడులు దొరికితే సెంటినెల్‌కు నలభై దొరుకుతాయి. చిన్న కమతాల దేశానికి ఈ తేడా చిన్నది కాదు.

గడిలో ఉండేది రంగు కాదు, అంకెలు. పచ్చని ఆకు ఎరుపు కాంతిని కిరణజన్య సంయోగక్రియకు పీల్చేసుకుంటుంది, కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని తిప్పికొడుతుంది. ఏపుగా ఉన్న వరిచేలో ఒక గడి ఎరుపులో 5 శాతం, పరారుణంలో 45 శాతం కాంతిని వెనక్కి పంపిందనుకుందాం. రెంటి తేడాను రెంటి మొత్తంతో భాగిస్తే 0.8 వస్తుంది. పంట కోశాక ఆ అంకె బాగా పడిపోతుంది. నీటి మీదైతే సున్నాకు దిగువకే పోతుంది. పైరు బాగోగులు చెప్పే సూచీ అంటే ఇంతే, చేతి లెక్కే.

అయితే సార్వా నాట్ల వేళ ఆకాశమంతా మబ్బులే. అక్కడ రాడార్ మోసే సెంటినెల్-1 అక్కరకొస్తుంది. దాని తరంగాలు మబ్బుల్లోంచి దూసుకొస్తాయి. దమ్ము చేసి నీరు నిలిపిన మడి మీద పడినప్పుడు, అద్దం మీద ఏటవాలుగా వేసిన టార్చి వెలుగులా అవి అవతలికి జారిపోతాయి, ఉపగ్రహానికి దాదాపు ఏమీ తిరిగిరాదు. అందుకే మడి నల్లగా కనిపిస్తుంది. నారు వేళ్లూని పిలకలు వేసేకొద్దీ తరంగాలు కాడలకు తగిలి వెనక్కి రావడం పెరిగి, మడి తెల్లబారుతుంది. ఈ నలుపు తెలుపుల క్రమం చూస్తే నాట్లు ఏ వారంలో పడ్డాయో చెప్పవచ్చు.

మన దేశానికి సొంత సరుకు లేక కాదు. పూర్తిస్థాయిలో పనిచేసిన తొలి భారతీయ దూరసంవేదన ఉపగ్రహం ఐఆర్ఎస్-1ఎ 1988లోనే ఎగిరింది. మన ఉపగ్రహాల సంకేతాలు హైదరాబాదు పక్కనున్న షాద్‌నగర్‌లో దిగుతాయి. తలుపులు తెరవడంలోనే తటపటాయించాం. చివరికి 2023 నాటి అంతరిక్ష విధానం 5 మీటర్లూ అంతకన్నా ముతక చిత్రాలను అందరికీ ఉచితంగా ఇవ్వాలంది. ఇప్పుడు జాతీయ దూరసంవేదన కేంద్రం 'భూనిధి' పేరుతో వాటిని అందిస్తోంది. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నిసార్ సమాచారమూ ఉచితమే. నాసా, ఇస్రో కలిసి చేసిన ఆ రాడార్ పన్నెండు రోజులకోసారి అదే నేల మీదికి వస్తుంది.

ఉచితం అన్నాక అది అలాగే ఉండిపోతుందన్న భరోసా ఏమీ లేదు. 2018లో అమెరికా ప్రభుత్వమే ల్యాండ్‌శాట్‌కు మళ్లీ రుసుము పెడితే ఎలా ఉంటుందని ఆలోచించింది. ఆ ఆలోచన అమలుకు రాలేదు, మంచిదైంది.

ఆకాశం నుంచి వచ్చింది తెరిచిపెట్టినంత మాత్రాన పటం పూర్తి కాదు. కొల్లేరు అంచున రాడార్‌కు చేపల చెరువూ నలుపే, నాట్లకు సిద్ధమైన మడీ నలుపే. రెండు నెలలు ఆగితే మడి తెల్లబడుతుంది, చెరువు తెల్లబడదు. కానీ ఎండగట్టిన చెరువు, నాట్లు ఆలస్యమైన మడి కంప్యూటర్‌ను బోల్తా కొట్టిస్తాయి. గట్టు మీదికి వెళ్లి చూసి రాసుకున్న వివరాలు ఉంటేనే దానికి తేడా నేర్పగలం. ఏ సర్వే నంబరులో ఏ పంట వేశారో ప్రభుత్వ సిబ్బంది ఎలాగూ ఊరూరా నమోదు చేస్తున్నారు. రైతుల పేర్లు తీసేసి ఆ జాబితాలను కూడా ఉపగ్రహ చిత్రాల పక్కనే ఉచితంగా పెడితే, జిల్లా కేంద్రంలోని డిగ్రీ కాలేజీ విద్యార్థి సైతం తన మండలం పంటల పటం తనే గీసుకోగలడు.