డెల్టాకు నీరెన్నడు?

వరికి నీరు కావలెనని చెప్పుటకు పండితులక్కరలేదు. ఆ నీరు ఎన్నడు రావలెనో చెప్పుటకు మాత్రము కృష్ణా డెల్టా రైతే సమర్థుడు. 1855లో బెజవాడ ఆనకట్ట ముగిసినది. 1957లో ప్రకాశం బ్యారేజి దాని స్థానమున నిలిచినది. అయినను రైతు చూపు నేటికిని ఎగువనే యున్నది. శ్రీశైలము నిండవలెను, నాగార్జునసాగరము నిండవలెను. పిమ్మట గాని వరద దిగువకు రాదు. అప్పటికి పెక్కు ఏండ్లలో ఆగస్టు గడచిపోవును.

ఆలస్యమైన నేమి? సాంబమసూరి వంటి వడ్లకు విత్తినది మొదలు ఇంచుమించు ఐదు నెలలు పట్టును. జూన్ కడపట నారు పోసిన చేను నవంబరులో కోతకు వచ్చును. ఆగస్టులో పోసినది డిసెంబరంతయు పొలముననే యుండును. అది తుపానుల కాలము. 2023 డిసెంబరు 5వ తేదీన బాపట్ల వద్ద తీరము దాటిన మిచౌంగు తుపాను నిలిచిన వరిని పడవేసి, కళ్లములలోని ధాన్యమును తడిపినది. రంగు మారిన ధాన్యమునకు ధర యేమి పలుకునో కౌలుదారు నడుగవలెను. మక్తా మాత్రము రంగు మారదు. వరికోతకు ముందు తడిచేలో చల్లు మినుమును వెనుకబడును.

ఈ చిక్కునకు తెరువు ఇబ్రహీంపట్నమున కనబడినది. 2015లో పట్టిసీమ వద్ద మోటరులతో ఎత్తిన గోదావరి నీరు పోలవరము కుడికాలువను, బుడమేరు మళ్లింపు కాలువను బట్టి వచ్చి ఫెర్రీ యొద్ద కృష్ణలో కలిసినది. గోదావరి ముందుగా పొంగును గనుక జూన్, జూలై మాసములలోనే డెల్టా కాలువలకు నీరందింప వీలు గలిగినది. విద్యుత్తు వ్యయము హెచ్చని విమర్శించువారు గలరు. ఆ లెక్కలో నీట మునిగిన పంట వెలను గూడ చేర్చవలదా? అయితే గట్ల సంగతి మఱవరాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు గండ్లు పడి విజయవాడను ముంచినది.

తూర్పాఫ్రికాలోని కెన్యాలో రైతు మార్చి మొదలు మే వఱకు కురియు పెద్దవానలను, అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు కురియు చిన్నవానలను నమ్మి మొక్కజొన్న విత్తును. 2020 చివర మొదలు 2022 చివర వఱకు ఐదు వానకారులు వరుసగ తప్పగా, ఆ దేశపు మెట్టసీమలలో పశువులు లక్షలుగా చచ్చినవి. 1832-33 నాటి నందన కరువున గుంటూరు సీమ యిట్లే మబ్బును నమ్మి నశించినది. నేడు మనకు రెండు నదులు గలవు.

కాలువలకు నీరు వదలు తేదీని ఏటేట ఉగాదినాటికే ప్రకటింపవలెనని మేము ప్రభుత్వమును కోరుచున్నాము. విత్తనములు కొనుటకు, అప్పు తెచ్చుకొనుటకు, కౌలు మాటాడుకొనుటకు రైతునకు ఆపాటి వ్యవధి కావలెను.