ఖరగ్‌పూర్ కథలో చెప్పని సగం

స్ఫూర్తి ప్రసంగాల్లో ఖరగ్‌పూర్ పేరు వినిపిస్తే, ఆ వెంటే మహేంద్ర సింగ్ ధోనీ కథ వస్తుంది. 2001లో ఆగ్నేయ రైల్వేలో టికెట్ ఎగ్జామినర్‌గా చేరిన ఆయన, 2004 డిసెంబరులో భారత జట్టు తరఫున తొలి వన్డే ఆడి, సున్నాకే రనౌటయ్యారు. ఊరు, కొలువు, ఎదురుదెబ్బ ఉన్న కథ నీతిబోధ కన్నా గట్టిగా నాటుకుంటుంది. శ్రోత తన వైఫల్యాన్ని అందులో చూసుకుంటాడు.

అయితే ఉద్యోగాన్ని కాదనుకొని ఆటను నమ్ముకున్నారనడం సగమే. ఆ ఉద్యోగం దక్కింది క్రీడా కోటాలోనే. కొలువు తెచ్చింది ఆటే. పైగా ఉద్యోగం వదిలి, జట్టులోనూ చోటు దక్కనివారిని వేదికపైకి ఎవరు పిలుస్తారు? రైల్వే కొలువులకై తరాల క్రితం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలున్న ఆ పట్టణంలో, ఉద్యోగం మానడమంటే క్వార్టర్ ఖాళీ చేయడం కూడా.