గుర్రాన్ని ఓడించడానికి పాతికేళ్లు!

కొండలూ గుట్టలూ ఉన్న దారిలో చాలా దూరం పరుగు పెడితే ఎవరు గెలుస్తారు, మనిషా, గుర్రమా? 1980లో బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో, ఒక చిన్న ఊరి పబ్బులో ఇద్దరు దీని మీదే వాదించుకుంటున్నారు. ఇలాంటి వాదనలు మన హాస్టల్ గదుల్లో ఎన్ని జరగలేదు! ధోనీ గొప్పా, కోహ్లీ గొప్పా అని రాత్రి రెండింటిదాకా అరుచుకుని, పొద్దున్నే లేచి టిఫిన్‌కి కలిసే వెళ్తాం. అంతటితో ఆ గొడవ అయిపోతుంది.

ఆ పబ్బులో మాత్రం అయిపోలేదు. ఎందుకంటే ఆ మాటలు యజమాని చెవిన పడ్డాయి. ఆయన పేరు గోర్డన్ గ్రీన్, పబ్బు పేరు నియాడ్ ఆర్మ్స్. ‘వాదన ఎందుకు, పరుగెత్తించి చూద్దాం’ అనుకున్నాడాయన. అదే ఏడాది నిజంగానే పోటీ పెట్టేశాడు. దాని పేరు ‘మ్యాన్ వర్సెస్ హార్స్’. కొవిడ్ రోజుల్లో ఆగింది తప్ప, ఇప్పటికీ ఏటా జూన్‌లో జరుగుతూనే ఉంది.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ని. ఒక టీమ్‌లో ఇద్దరికి పడకపోతే ‘టెస్ట్ చేసి చూద్దాం’ అనేవాడంటే నాకు గౌరవం. అందుకే విచిత్రమైన పోటీల గురించి ఎన్ని వీడియోలు చూసినా, ఈ ఊరి దగ్గరికే మళ్లీ మళ్లీ వచ్చి ఆగిపోతున్నాను.

ఊరి పేరు లాన్‌ఉర్టిడ్ వెల్స్. (వేల్స్ వాళ్లు పలికినట్టు పలకాలంటే నాలుక పక్క నుంచి గాలి వదలాలి. మనవల్ల కాదు, వదిలేయండి.) జనాభా సుమారు 850. బ్రిటన్ మొత్తంలో అతి చిన్న టౌన్ మాదే అని చెప్పుకుంటారు. మన దగ్గర ఒక పెద్ద అపార్ట్‌మెంట్ కాంప్లెక్సులో అంతకంటే ఎక్కువమంది ఉంటారు.

ఈ ఊరికి మొదట పేరు తెచ్చింది ఒక కప్ప. అవును, కప్పే. 1732లో థియోఫిలస్ ఎవాన్స్ అనే చర్చి ఫాదర్ జబ్బుతో బాధపడుతున్నాడు. ఇక్కడ గంధకం వాసన కొట్టే ఊట ఒకటుంది. ఆ కంపుకి జనం దాని దగ్గరికి వెళ్లేవాళ్లు కాదు. అందులో ఒక కప్ప హుషారుగా గంతులేస్తుంటే ఆయన చూశాడట. కప్పకి ఏమీ కానిది నాకేమవుతుందని ఆ నీళ్లు తాగాడు, జబ్బు తగ్గింది. ఆ కబురు పాకి, ఆ నీళ్ల కోసం జనం రావడం మొదలైంది. ఊరు ఆ నీళ్ల మీదే బతికింది. తర్వాత కాలం మారింది, గంధకం నీళ్లకి గిరాకీ పోయింది. మళ్లీ జనం రావాలంటే ఏదో ఒకటి చేయాలి. గోర్డన్ గ్రీన్ గుర్రపు పందేన్ని ఈ సంగతి తెలిసిన మనిషిగానే చూడాలి. ఆయనకి సరదా ఉంది, నిజమే. కానీ హోటల్ గదులు నింపాల్సిన అవసరం కూడా ఉంది.

పాతికేళ్ల స్కోరు

పోటీ దూరం సుమారు 35 కిలోమీటర్లు. రోడ్డు కాదు. అడవి దారులు, బురద, వాగులు, నిట్రమైన ఎక్కుడు దిగుళ్లు. మనుషులు ముందు బయల్దేరతారు. పావుగంట ఆగి గుర్రాలు బయల్దేరతాయి. ఆ పావుగంట తర్వాత లెక్కలో సరిచేస్తారు. గుర్రాలు మనుషుల్ని తొక్కకుండా ఈ ఏర్పాటు. దారి మధ్యలో పశువైద్యులు గుర్రాలను ఆపి పరీక్ష చేస్తారు, అలిసిపోయిన గుర్రాన్ని ముందుకి వదలరు. మనుషుల్ని మాత్రం ఎవరూ ఆపరు. అలిసిపోతే వాళ్ల ఖర్మ.

మొదటి ఏడాది గుర్రమే గెలిచింది. రెండో ఏడాదీ గుర్రమే. ఇలా అయితే చూసేవాళ్లకి మజా ఏముంటుందని 1982లో దారి మార్చారు. గుర్రానికి ఇబ్బంది పెట్టే మలుపులూ దిగుళ్లూ పెంచి పోటీని కొంచెం సమం చేశారు. గేమ్‌లో ఒక క్యారెక్టర్ మరీ బలంగా ఉంటే అప్‌డేట్ ఇచ్చి తగ్గిస్తారు చూడండి, అలాగన్నమాట. అయినా గుర్రమే గెలిచింది. 1985లో సైకిళ్లను కూడా రానిచ్చారు. 1989లో టిమ్ గూల్డ్ అనే సైకిలిస్టు గుర్రాన్ని మూడు నిమిషాల తేడాతో ఓడించాడు. కానీ అది చక్రాల గెలుపు. కాళ్ల గెలుపు కాదు. 1993 తర్వాత సైకిళ్లు తీసేశారు.

గుర్రాన్ని ఓడించే మనిషికి బహుమతి పెట్టారు. ఎవరూ గెలవకపోతే ఆ సొమ్ము వచ్చే ఏడాదికి జమ అవుతుంది. అలా పెరిగి పెరిగి 2004 నాటికి 25,000 పౌండ్లు అయింది. అప్పటి లెక్కలో సుమారు 20 లక్షల రూపాయలు. ఆ ఏడాది హ్యూ లాబ్ అనే మారథాన్ రన్నర్ 2 గంటల 5 నిమిషాల 19 సెకన్లలో పూర్తి చేశాడు. మొదటి గుర్రం అతని కంటే రెండు నిమిషాల పైచిలుకు వెనక వచ్చింది. మొత్తం డబ్బు ఒక్కడే పట్టుకెళ్లాడు. పబ్బులో మొదలైన వాదనకి జవాబు రావడానికి 25 పోటీలు పట్టింది.

తర్వాత 2007లో జర్మనీకి చెందిన ఫ్లోరియన్ హోల్జింగర్ గెలిచాడు. ఆ తర్వాత పదిహేనేళ్లు మళ్లీ గుర్రాలదే రాజ్యం. 2022లో రికీ లైట్‌ఫుట్ గెలిచాడు. ఆయన ఉద్యోగం ఫైర్ సర్వీసులో. ముందురోజు రాత్రి డ్యూటీ చేసి, నిద్ర లేకుండానే వచ్చి పరుగెత్తాడు. (నైట్ షిఫ్ట్ సపోర్ట్ చేసి పొద్దున్నే కాఫీ కప్పు కూడా ఎత్తలేని మిత్రులారా, విన్నారా?) 2023లో డేనియల్ కానలీ. అంతే, 1980 నుంచి 2023 దాకా మనిషి గెలిచింది నాలుగు సార్లు.

నాలుగంటే తక్కువే కదా అనిపిస్తుంది. నాకు మాత్రం ఆ నాలుగు కూడా ఎలా సాధ్యమయ్యాయన్నదే అసలు ప్రశ్న. పందెం గుర్రం గంటకి 60 కిలోమీటర్ల పైనే పరుగెడుతుంది. ఉసేన్ బోల్ట్ తన జీవితంలో అత్యంత వేగంగా పరుగెత్తిన ఆ కొద్ది క్షణాల్లో కూడా సుమారు 44 దగ్గర ఆగాడు. మరి లాబ్ ఎలా గెలిచాడు?

చెమట. నిజంగా అదే. దూరం పెరిగేకొద్దీ అసలు సమస్య వేగం కాదు, వేడి. ఒంట్లో పుట్టే వేడిని బయటికి పంపలేకపోతే ఏ జంతువైనా నెమ్మదించాల్సిందే. గుర్రానికి కూడా చెమట పడుతుంది, కానీ దాని ఒళ్లు పెద్దది, పైన వెంట్రుకలు. మనకి ఒళ్లంతా చెమట గ్రంథులే, వెంట్రుకలు తక్కువ, నిలబడి పరుగెడతాం కాబట్టి గాలి బాగా తగులుతుంది. మడమ వెనక స్ప్రింగులా పనిచేసే అకిలిస్ టెండన్ ఉంది. లాబ్ గెలిచిన 2004లోనే, నవంబరులో, డెన్నిస్ బ్రాంబుల్, డేనియల్ లీబర్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ‘నేచర్’ పత్రికలో ఇదే చెప్పారు. మనిషి శరీరం దూరం పరుగెత్తడానికి తగ్గట్టు తయారైందని వాళ్ల వాదన. ఎండలో జంతువుని తరిమి తరిమి అది అలిసి పడిపోయేదాకా వెంటాడి వేటాడటం మన పూర్వీకులకి సాధ్యమయ్యేదని అందులో ఒక ఊహ.

ఊహ అంటే ఊహే. దానికి డేటా కావాలి. 2021లో లూయిస్ హాల్సీ, కాలెబ్ బ్రైస్ అనే పరిశోధకులు ఈ వేల్స్ పోటీతోపాటు ఇలాంటి మరికొన్ని పందేల ఫలితాలను, ఆ రోజుల ఉష్ణోగ్రతలను పక్కపక్కన పెట్టి చూశారు. ఎండ పెరిగితే గుర్రం వేగం తగ్గుతుంది, మనిషి వేగమూ తగ్గుతుంది. కానీ మనిషిది తక్కువగా తగ్గుతుంది. పబ్బు యజమాని సరదాగా మొదలుపెట్టిన పందెం లెక్కలు ఏళ్ల తర్వాత పరిశోధనకి పనికొచ్చాయి! నేను ఆదివారాలు నెక్లెస్ రోడ్డు మీద పది కిలోమీటర్లు పరుగెడతాను. మే నెలలో టీషర్ట్ పిండితే నీళ్లు కారతాయి. ఇది చదివాక ఆ చెమట మీద నాకు గౌరవం పెరిగింది.

జంతువుతో పరుగు అనగానే మీకు ఇంకో పేరు గుర్తొచ్చి ఉంటుంది. 2020లో వాట్సాప్ అంతా తిరిగిన శ్రీనివాస గౌడ. కర్ణాటక తీరంలో బురద మడిలో దున్నల జతతో పరుగెత్తే కంబళ పోటీలో 142.5 మీటర్లు 13.62 సెకన్లలో పూర్తి చేశాడు. దాన్ని వంద మీటర్లకి లెక్కేసి 9.55 అన్నారు, బోల్ట్ రికార్డు 9.58 కాబట్టి దేశమంతా ఊగిపోయింది. కేంద్ర క్రీడల మంత్రి ట్రయల్స్‌కి పిలిచారు. గౌడ వెళ్లనన్నాడు. అతను చేసిందే సరైన పని అని నా అభిప్రాయం. ముందు దున్నలు లాగుతుంటే పరుగెత్తడం వేరు, ట్రాక్ మీద ఒంటరిగా పరుగెత్తడం వేరు. కంబళ గొప్పతనం కంబళలోనే ఉంది.

బురద కూడా అమ్ముడుపోతుంది

మళ్లీ వేల్స్‌కి. గుర్రప్పందెం హిట్టయ్యాక ఆ ఊరివాళ్లు ఆగలేదు. ఊరి దగ్గర ఉన్న ఊబి నేలలో 60 గజాల పొడవున కాలవ తవ్వారు. నల్లటి, చల్లటి బురదనీళ్లు. కాళ్లకి ఫ్లిప్పర్లు, నోట్లో గాలి పీల్చే గొట్టం పెట్టుకుని అటు ఒకసారి, ఇటు ఒకసారి, మొత్తం 120 గజాలు వెళ్లాలి. మామూలు ఈత కొట్టకూడదు, కాళ్లు ఆడించే ముందుకి వెళ్లాలి. ఇదే బాగ్ స్నార్కలింగ్. ప్రపంచ చాంపియన్‌షిప్ 1985లో మొదలైంది. అది చాలదని అదే బురదలో సైకిల్ తొక్కే పోటీ ఒకటి పెట్టారు. సైకిల్ పైకి తేలకుండా ఫ్రేములో సీసం, టైర్లలో గాలికి బదులు నీళ్లు! 2012లో లండన్‌లో ఒలింపిక్స్ జరిగిన ఏడాదే వీళ్లు ‘వరల్డ్ ఆల్టర్నేటివ్ గేమ్స్’ కూడా మొదలుపెట్టారు. పేరు చూడండి, ఎంత ధైర్యమో.

ఫిన్లాండ్‌లోని సోంకయార్వి కథ కూడా దాదాపు ఇంతే. సుమారు నాలుగు వేలమంది ఉండే మారుమూల పల్లెటూరు. 1992 నుంచి అక్కడ భార్యని మోసుకుని పరుగెత్తే పోటీ. 253.5 మీటర్లు, మధ్యలో నడుములోతు నీళ్ల గుంట. సొంత భార్యే కానక్కర్లేదు, పక్కింటావిడైనా పర్లేదని నిబంధనల్లోనే రాసుకున్నారు! ఆమె బరువు 49 కిలోలకి తగ్గకూడదు, తగ్గితే సంచిలో బరువు కడతారు. బహుమతి ఆమె బరువుకి సరితూగే బీరు. ఎస్తోనియా వాళ్లు భార్యని తలకిందులుగా వీపుకి వేలాడదీసే పద్ధతి కనిపెట్టి 1998 నుంచి 2008 దాకా వరసగా పదకొండేళ్లు కప్పు ఎగరేసుకుపోయారు.

ఇవన్నీ పిచ్చి పనులు అంటారా? మన పల్నాడులోనో ప్రకాశం జిల్లాలోనో ఒంగోలు గిత్తల బండలాగుడు జరుగుతుంటే పక్కన ఒక వేల్స్ మనిషిని నిలబెట్టండి. గిత్తలకి పళ్లు లెక్కపెట్టి విభాగాలు చేస్తారని, టన్నుల బరువున్న బండని ఎన్ని అడుగులు లాగాయో టేపు పెట్టి కొలుస్తారని చెప్పండి. అతని మొహం ఎలా ఉంటుందో చూడాలి.

ఎవరూ నడపని పోటీ

ఇంగ్లండ్‌లో గ్లోస్టర్ దగ్గర కూపర్స్ హిల్ మాత్రం పూర్తిగా వేరే కథ. ఇది ఎవరో టూరిజం కోసం పెట్టింది కాదు. 1826 నాటి ఒక కాగితంలోనే దీని ప్రస్తావన ఉంది. మూడు నాలుగు కిలోల గుండ్రటి చీజ్‌ని నిటారైన కొండ మీద నుంచి దొర్లిస్తారు. దాని వెనకాల జనం దూకుతారు. సుమారు 180 మీటర్లు. చీజ్ గంటకి వంద కిలోమీటర్లు దాటి దొర్లుతుంది కాబట్టి దాన్ని పట్టుకోవడం కుదరదు. ముందు కింద పడ్డవాడే విజేత. ‘పడ్డవాడు’ అని కావాలనే రాశాను, కాళ్ల మీద దిగేవాళ్లు తక్కువ. కింద రగ్బీ ఆటగాళ్లు నిలబడి, దొర్లుకుంటూ వచ్చేవాళ్లని ఆపుతారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి ఆహారానికి రేషన్ పెట్టినప్పుడు కూడా ఆపలేదు. చెక్కతో చీజ్ చేసి, లోపల చిన్న అసలు ముక్క పెట్టి దొర్లించారు.

2009లో సుమారు 15,000 మంది వచ్చిపడ్డారు. అంతమందిని ఆ కొండ తట్టుకోలేదు. భద్రత కారణాలతో 2010లో అధికారిక పోటీ రద్దయింది. ఊరివాళ్లు ఊరుకోలేదు, తమంతట తామే కొండెక్కి చీజ్ దొర్లించేశారు. అప్పటి నుంచి దానికి అధికారిక నిర్వాహకులంటూ లేరు. ఇక్కడే చిక్కు. ఎవరికైనా మెడ విరిగితే బాధ్యత ఎవరిది? 2013లో పోలీసులు, ఏళ్ల తరబడి ఆ చీజ్ తయారుచేసి ఇస్తున్న డయానా స్మార్ట్ దగ్గరికి వెళ్లి, ఎవరికైనా దెబ్బ తగిలితే మీ మీదికి రావచ్చని హెచ్చరించారు. ఆమెకి అప్పుడు 86 ఏళ్లు. ఆ ఏడాది ఫోమ్‌తో చేసిన ఉత్తుత్తి చీజ్ దొర్లింది.

పోలీసుల భయం పూర్తిగా తప్పని అనలేను. 2023లో ఆడవాళ్ల పోటీలో కెనడా నుంచి వచ్చిన పంతొమ్మిదేళ్ల డెలానీ ఇర్వింగ్ కొండ దిగువకి చేరేసరికి స్పృహలో లేదు. స్పృహ లేకుండానే గీత దాటింది, గెలిచింది. ఆ సంగతి ఆమెకి మెడికల్ టెంటులో కళ్లు తెరిచాక తెలిసింది. కానీ 86 ఏళ్ల ముసలావిడని బెదిరిస్తే కొండ వాలు తగ్గదు కదా. రోజు మొత్తం కొండ కింద రెండు అంబులెన్సులు పెట్టడం దానికన్నా తేలిక.

గెలిచినవాళ్లకి బహుమతి ఆ చీజే. ఈ కొండ మీద 23 సార్లు గెలిచిన స్థానికుడు క్రిస్ ఆండర్సన్‌కి దాని రుచి నచ్చదట. తను తినేది వేరే చీజ్ అని ఆయనే చెప్పాడు.