మర తప్పితే ఇంజిన్ పోయినట్టేనా?

అల్యూమినియం ఇంజిన్లలో పాడైన బోల్టు మరలకు నమ్మకమైన చికిత్స ఉంది. అయితే ఈ జబ్బు తెచ్చిపెట్టేది చాలాసార్లు పానా పట్టిన చెయ్యే.

కారుకు ఆయిల్ మార్చడం అరగంట పని. చాంబర్ అడుగున ఉన్న బోల్టు విప్పి, పాత ఆయిల్ వదిలేసి, తిరిగి బిగించి కొత్తది పోస్తే సరి. కానీ ఒక్కోసారి ఆఖరి బిగింపు దగ్గర పానా హఠాత్తుగా తేలికైపోతుంది. బోల్టు తిరుగుతూనే ఉంటుంది, బిగుసుకోదు. బయటికి తీసి చూస్తే దాని మరల మధ్య వెండి తీగలాంటి లోహపు చుట్ట కనిపిస్తుంది. అది బోల్టుది కాదు, రంధ్రం లోపలి మరలది. మెకానిక్‌ల మాటల్లో చెప్పాలంటే థ్రెడ్ స్లిప్పయింది. అప్పటిదాకా నిక్షేపంలా ఉన్న కారు ఇక షెడ్డు దాటి కదలదు.

ఇలాంటప్పుడు యజమాని ముందుకు సాధారణంగా రెండు సలహాలు వస్తాయి. మొదటిది, ఆ భాగాన్నే మార్చేయమని. చాంబర్ అయితే ఫర్వాలేదు గానీ, పాడైంది సిలిండర్ హెడ్‌లోని ప్లగ్ రంధ్రమైతే ఖర్చు గుండె గుభేలుమనిపిస్తుంది. రెండోది, మరకు టేపు చుట్టో, ఎం-సీల్ పూసో ప్రస్తుతానికి నడిపించేయమని. మొదటిది జేబుకు చిల్లు, రెండోది ఇంజిన్‌కు ముప్పు. హైవే మీద ఆ బోల్టు ఊడితే ఆయిల్ మొత్తం కారిపోయి, బేరింగులు అతుక్కుపోవడానికి నిమిషాలు చాలు. ఈ రెంటికీ మధ్య మూడో దారి ఒకటుంది. రంధ్రంలో కొత్త మర వేయడం. సరిగ్గా చేస్తే అది పాతదానికంటే గట్టిగా నిలుస్తుంది.

మెత్తని లోహం, గట్టి బోల్టు

2014లో ఉత్పత్తి ఆగిపోయిన అంబాసిడర్ కారునే తీసుకుంటే, దాని తొలి దశాబ్దాల ఇంజిన్ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ రూపకల్పన. అందులో బ్లాకూ హెడ్డూ రెండూ పోత ఇనుమే. మోటు చేతుల్ని అది చాలావరకు భరించేది. 1983 డిసెంబర్‌లో రోడ్డెక్కిన మారుతి 800 అల్యూమినియం హెడ్‌తో వచ్చింది. 2008లో ఎ-స్టార్‌తో మొదలైన కె-సిరీస్ ఇంజిన్లలో బ్లాకు కూడా అల్యూమినియమే. బరువు తగ్గింది, మైలేజీ పెరిగింది. కానీ ఉక్కు బోల్టుకూ అల్యూమినియం రంధ్రానికీ జరిగే పెనుగులాటలో ఓడిపోయేది ఎప్పుడూ రంధ్రమే.

బోల్టు భారాన్ని అన్ని మరలూ సమానంగా పంచుకోవు. మొదటి మర ఒక్కటే సుమారు మూడో వంతు మోస్తుంది. అది తెగితే భారం రెండోదాని మీద, ఆ తర్వాత మూడోదాని మీద పడుతుంది. అందుకే మరలు ఒక్కొక్కటిగా కాక, ఒక్కసారిగా వరసగా ఊడిపోయినట్టు అనిపిస్తుంది. ఉక్కులో బోల్టు తన వ్యాసమంత లోతు దిగితే సరిపోతుంది. అల్యూమినియంలో అంతకు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు దిగాలన్నది ఇంజినీర్ల లెక్క.

చెయ్యి చెప్పేది కూడా పూర్తిగా నమ్మదగింది కాదు. పానా మీద పెట్టే బలంలో దాదాపు 90 శాతం బోల్టు తల కింద, మరల మధ్య రాపిడికే ఖర్చవుతుంది. భాగాలను నిజంగా అదిమిపట్టేది మిగతా పదో వంతే. మరకు ఆయిల్ పూస్తే రాపిడి తగ్గి, అంతే బలానికి బిగింపు బాగా పెరిగిపోతుంది. పొడి మరకు చెప్పిన బిగింపును ఆయిల్ పూసిన మరకు వర్తింపజేస్తే ముప్పు అక్కడే మొదలవుతుంది. 6 మిల్లీమీటర్ల బోల్టుకు సాధారణంగా చెప్పే బిగింపు 10 న్యూటన్ మీటర్లు. అంటే అడుగు పొడవు పానా చివర మూడున్నర కిలోల బరువు వేలాడదీసినంత. ఇంకొంచెం బిగిస్తే మంచిదనుకునే చేతికి ఇది చాలా తక్కువగా తోస్తుంది.

కొలతల గందరగోళం మరో శత్రువు. పాత బ్రిటిష్ కార్లలోని 5/16 అంగుళం బోల్టు వ్యాసం 7.94 మిల్లీమీటర్లు. మెట్రిక్ 8 మిల్లీమీటర్ల బోల్టు పక్కన పెడితే కంటికి తేడా తెలియదు. మరల మధ్య దూరం మాత్రం వేరు. మెట్రిక్‌లోనూ 10 మిల్లీమీటర్ల బోల్టుకు జపాన్ కార్లలో ఎక్కువగా 1.25 మిల్లీమీటర్ల దూరం ఉంటే, యూరప్ కార్లలో 1.5 కనిపిస్తుంది. డబ్బాలోంచి చేతికందిన బోల్టును బలవంతంగా దించితే, అది పాత మరను తుడిచేసి తన దారి తాను చేసుకుంటుంది.

తీగతో కొత్త మర

చికిత్సల్లో ఎక్కువగా వాడుకలో ఉన్నది హెలికాయిల్. అది నిజానికి ఒక బ్రాండు పేరే అయినా, ఈ తరహా స్టెయిన్‌లెస్ స్టీలు తీగ చుట్టలన్నిటికీ అదే పేరు స్థిరపడిపోయింది. ముందుగా పాడైన మరను డ్రిల్‌తో తొలగిస్తారు. 6 మిల్లీమీటర్ల బోల్టుకు అయితే 6.3 డ్రిల్ వేస్తారు. తర్వాత ఆ చుట్టకోసమే తయారైన ట్యాప్‌తో పెద్ద మర కోస్తారు. స్ప్రింగులాంటి తీగ చుట్టను అందులోకి తిప్పి, అంచుకంటే పావు నుంచి అర చుట్టు లోపలికి దించుతారు. చివర్న తీగ కొసను విరిచి బయటికి తీసేస్తారు. ఇక పాత సైజు బోల్టే అందులో పడుతుంది. అప్పటిదాకా మెత్తని అల్యూమినియం మీద పడిన రాపిడిని ఇప్పుడు స్టీలు భరిస్తుంది. విమానాల అల్యూమినియం భాగాల్లో కొత్తగా తయారు చేసేటప్పుడే ఇలాంటి చుట్టలు వేస్తారు. కాబట్టి ఇది అతుకులబొంత వ్యవహారమేమీ కాదు.

చెప్పినంత తేలిక కూడా కాదు. డ్రిల్ రవ్వంత వంకరగా దిగితే బోల్టు ఎప్పటికీ సరిగా కూర్చోదు. ట్యాప్‌ను కాస్త ముందుకు, కాస్త వెనక్కు తిప్పుతూ పొట్టు విరగ్గొట్టాలి. ప్లగ్ రంధ్రంలోనైతే ఆ పొట్టు సిలిండర్‌లోకి జారకుండా ట్యాప్‌కు గ్రీజు పట్టించి, రెండు మరలకోసారి తీసి తుడవాలి. అన్నిటికంటే భద్రమైన పద్ధతి హెడ్ విప్పి చేయడమే.

తరచూ విప్పి బిగించే చాంబర్ బోల్టుకు తీగ చుట్ట కంటే గట్టి బుష్ మేలు. లేత్ మీద తీసిన మర బుష్‌ను రంధ్రంలోకి బిగించి కదలకుండా లాక్ చేస్తారు. ఆర్గాన్ వెల్డింగ్‌తో రంధ్రాన్ని పూడ్చి కొత్తగా మర కోయడం మరో పద్ధతి. కానీ వేడికి హెడ్ వంగే ప్రమాదం ఉంది. బ్లాకులో హెడ్ బోల్టు రంధ్రాలైతే నీటి దారులకు దగ్గరగా ఉంటాయి కాబట్టి, ఆ పని అనుభవమున్న మెషిన్ షాపుకే వదిలేయాలి.

తప్పు అన్నివేళలా మెకానిక్‌దే అనలేం. అమెరికాలో 1990ల చివర్లో ఫోర్డ్ ట్రక్కులకు వాడిన ట్రైటాన్ వి8 ఇంజిన్లలో కొన్నిటికి, ప్లగ్‌ను పట్టి ఉంచే మరలు నాలుగైదుకు మించి ఉండేవి కావు. నడుస్తుండగానే ప్లగ్‌లు ఎగిరిపోవడం వాటికి పేరు తెచ్చిపెట్టింది. ఆ రంధ్రాల్లో వేసే ప్రత్యేక బుష్‌లకు అక్కడ ఒక మార్కెట్టే పుట్టింది.

అంకె ఎవరి చేతిలో?

ఏ బోల్టును ఎంత బిగించాలో తయారీదారు మాన్యువల్‌లో స్పష్టంగా ఉంటుంది. ఆ మాన్యువల్ వీధి చివరి షెడ్డుకు చేరుతోందా అన్నదే అసలు ప్రశ్న. విడిభాగాలు, పరికరాలు, మరమ్మతు సమాచారం స్వతంత్ర మెకానిక్‌లకు అందకుండా చేశాయంటూ కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ఆ ఉత్తర్వును కంపెనీలు సవాలు చేశాయి. 2022 డిసెంబర్‌లో కేంద్ర ప్రభుత్వం మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించింది. అది అందించదలచిన సమాచారంలో ఆటోమొబైల్ రంగానిదీ ఒక భాగం.

విధానాల సంగతి ఎలా ఉన్నా, యజమాని చేయగలిగింది కొంత ఉంది. ప్లగ్‌లు విప్పాలంటే ఇంజిన్ చల్లారేదాకా ఆగమనాలి. అల్యూమినియం ఇనుముకంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, వేడి మీద మర సులువుగా చెడుతుంది. ఏ బోల్టునైనా మొదటి రెండు మూడు చుట్లు వేళ్లతోనే తిప్పమనాలి. అలా తిరగకపోతే ఎక్కడో తేడా ఉన్నట్టే. టార్క్ రెంచ్ ఉందా అని అడగాలి. మర అప్పటికే పోయి ఉంటే, పార్టు మార్చడానికి ఒప్పుకునే ముందు హెలికాయిల్ గానీ బుష్ గానీ పడుతుందా అని కనుక్కోవాలి. ఆ ఒక్క ప్రశ్నతో హెడ్ ఖర్చు మొత్తం మిగలొచ్చు.