గులాబీ చొక్కాల ఆట

ఆడపిల్ల హాకీ ఆడాలంటే మగపిల్లాడి పేరు పెట్టుకోవాల్సి వచ్చిందంటే నమ్ముతారా? అదీ ఎక్కడో మారుమూల పల్లెలో కాదండీ, కెనడాలోని టొరంటో మహానగరంలో!

1955లో అక్కడ ఆబీ హాఫ్‌మన్ అనే ఎనిమిదేళ్ళ పిల్ల ఉండేది. మంచు మీద ఆడే హాకీ అంటే ఆ పిల్లకు ప్రాణం. అమ్మాయిలకు జట్టు లేదు. ఏం చేసిందో తెలుసా? పొట్టి క్రాఫుతో, 'ఆబ్' అనే పేరుతో మగపిల్లల జట్టులో చేరిపోయింది. అందరితో సమానంగా ఆడింది. సీజన్ చివర్లో పెద్ద పోటీకి పిల్లల్ని ఎంపిక చేస్తూ పుట్టినతేదీ కాగితాలు తిరగేస్తే అప్పుడు బయటపడింది, 'ఆబ్' ఆడపిల్ల అని! పేపర్లన్నీ ఆ సంగతే రాశాయి. పెద్దయ్యాక ఆమె పరుగుపందేల్లోకి వెళ్ళి నాలుగు ఒలింపిక్స్‌లో పాల్గొంది. అది వేరే కథ.

మన కథ ఆ తర్వాత 35 ఏళ్ళకు మొదలవుతుంది. అంతకన్నా ముందు ఆట గురించి రెండు ముక్కలు చెప్పుకుందాం.

హాకీ అనగానే మనకు గుర్తొచ్చేది మైదానం, చిన్న బంతి. ఐస్ హాకీలో ఆ రెండూ ఉండవు. గడ్డకట్టిన మంచు నేల, కాళ్ళకు పదునైన ఇనప పట్టీలున్న స్కేట్ బూట్లు. బంతికి బదులు 'పక్' అనే గట్టి రబ్బరు బిళ్ళ. అంగుళం మందం, మూడంగుళాల వెడల్పు ఉంటుంది. చిల్లులేని గారె అనుకోండి! గోల్‌కీపర్‌తో కలిపి జట్టుకు ఆరుగురు మంచు మీద ఉంటారు. 20 నిమిషాల చొప్పున మూడు విడతలు ఆడతారు. జారుడు వేగానికి నిమిషం లోపే ఆయాసం వస్తుంది కనుక, ఆట నడుస్తుండగానే ఒకరు బయటికి, ఒకరు లోపలికి మారుతూ ఉంటారు.

ఇక అసలు సంగతి. 1990 మార్చిలో కెనడా రాజధాని ఒట్టావాలో మహిళలకు మొట్టమొదటి అధికారిక ప్రపంచ ఐస్ హాకీ పోటీలు జరిగాయి. కెనడా, అమెరికా, ఫిన్లాండ్, స్వీడన్, నార్వే, స్విట్జర్లాండ్, అప్పటి పశ్చిమ జర్మనీ, జపాన్ - ఎనిమిది జట్లు. ఒలింపిక్స్ తలుపు తట్టాలంటే ముందు ఇక్కడ జనాన్ని మెప్పించాలి. ఖాళీ కుర్చీల ముందు ఆడితే 'ఆడవాళ్ళ ఆట ఎవరు చూస్తారు?' అన్నవాళ్ళ మాటే నెగ్గుతుంది.

జనాన్ని రప్పించడమెలా? నిర్వాహకులకు ఒక ఆలోచన వచ్చింది. కెనడా జట్టు రంగులు ఎరుపు, తెలుపు కదా! ఎరుపు తీసేసి గులాబీ రంగు చొక్కాలు కుట్టించారు. ఆడవాళ్ళంటే గులాబీ రంగేనా అని కొందరు క్రీడాకారిణులు నొచ్చుకున్నారు. నొచ్చుకోరూ మరి! ఒకప్పుడు ఆడపిల్లనన్న సంగతి దాచి ఆడాల్సి వచ్చింది. ఇప్పుడేమో అదే సంగతి చొక్కా మీద చాటుకుంటూ ఆడాలి. అయినా 'ముందు ఆట జరగనీ' అనుకుని ఆ చొక్కాలే వేసుకుని మంచు మీదికి దిగారు.

చొక్కాల సంగతి ఊరంతా పాకింది. చూద్దామని వచ్చినవాళ్ళకు కనిపించింది మాత్రం సుకుమారం కాదు. ఆ పోటీల్లో ఒంటితో ఢీకొట్టి ఎదుటివారిని ఆపడానికి కూడా అనుమతి ఉండేది. (ఆ తర్వాత మహిళల ఆటలో ఆ పద్ధతి తీసేశారు.) కెనడా జపాన్‌ను 18-0తో చిత్తు చేసింది. అలాగని అన్నీ ఏకపక్షం కావు. సెమీఫైనల్లో ఫిన్లాండ్ ముచ్చెమటలు పట్టించింది. చివరికి 6-5తో కెనడా గట్టెక్కింది. టొరంటో అమ్మాయి ఏంజెలా జేమ్స్ ఐదు మ్యాచ్‌ల్లో 11 గోల్స్ కొట్టింది.

ఫైనల్ అమెరికాతో. దాదాపు 9 వేలమంది ప్రేక్షకులు. మొదట్లోనే అమెరికా 2-0తో ముందుకెళ్ళింది. గులాబీ చొక్కాలు పరువు తీస్తాయేమో అనిపించే సమయం! అక్కణ్ణుంచి కెనడా పుంజుకుంది. స్కోరు సమానమయ్యాక వెనక కాపలా ఉండాల్సిన జెరాల్డిన్ హీనీ పక్‌ను తీసుకుని ముందుకు దూసుకుపోయింది. అడ్డొచ్చినవాళ్ళను తప్పించుకుని గోల్ కొట్టి, ఆ ఊపులోనే గాల్లోకి ఎగిరింది. ఆ గోల్‌తో వచ్చిన ఆధిక్యం మళ్ళీ చేజారలేదు. 5-2తో కెనడా ప్రపంచ విజేత!

రెండేళ్ళు తిరిగేసరికి, 1992లో, ఒలింపిక్స్ తలుపులు తెరుచుకున్నాయి. 1998లో జపాన్‌లోని నగానోలో మహిళల ఐస్ హాకీ ఒలింపిక్ క్రీడ అయింది. అక్కడ మొదటి స్వర్ణం అమెరికాది. కెనడాను 3-1తో ఓడించి పాత బాకీ తీర్చుకుంది. పాపం, ఏంజెలా జేమ్స్‌కు ఆ జట్టులో చోటు దక్కలేదు. 2010లో మాత్రం హాకీ మహామహుల సరసన 'హాల్ ఆఫ్ ఫేమ్'లో చేరిన తొలి ఇద్దరు మహిళల్లో ఆమె ఒకరు.

మరి గులాబీ చొక్కాలో? 1992 పోటీలకే మాయం. మళ్ళీ ఎరుపూ తెలుపే. జనాన్ని పిలవడానికి రంగు పనికొచ్చిందేమో గానీ, వచ్చినవాళ్ళను కూర్చోబెట్టింది ఆటే.

'ఈ మంచు ఆటలు మనకెక్కడివిలే' అనుకుంటున్నారా? మన దేశంలోనూ ఉన్నాయండీ! లద్దాఖ్‌లో చలికాలం రెండు నెలలు చెరువులు గడ్డకడతాయి. ఆ మంచు మీద, అరువు తెచ్చుకున్న సామాన్లతో నేర్చుకున్న అమ్మాయిలే ఎక్కువగా ఉన్న మన జట్టు 2016లో తొలిసారి అంతర్జాతీయ పోటీకి తైపీ వెళ్ళింది. ఓటములతో తిరిగొచ్చింది. మరుసటి ఏడాది బ్యాంకాక్‌లో ఫిలిప్పీన్స్‌ను 4-3తో ఓడించి తొలి విజయం రుచి చూసింది. 2025లో అల్ ఐన్‌లో జరిగిన ఆసియా కప్‌లో కాంస్యం గెలుచుకుంది.

రేపు మీ అమ్మాయి 'నేనూ ఆడతానమ్మా' అంటే, ఆ ఆట ఆడపిల్లలదా, మగపిల్లలదా అని ఆలోచిస్తూ కూర్చోకండి. బూట్లు సరిగ్గా సరిపోయాయో లేదో చూడండి, చాలు!